థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్ దాకా: ఒక బేస్‌బాల్ డైరీ

2025 జనవరి 12, ఆదివారం

రేపు భోగి. అటక మీది పాత సామాను దించే పని నాకు పడింది. విరిగిన కుర్చీ కాళ్ళు, చెదలు పట్టిన పీట, చివర్లో నా చిన్నప్పటి రేకు పెట్టె. అందులో తొమ్మిదో తరగతి పుస్తకాల కింద నా బేస్‌బాల్ గ్లవ్ ఉంది. అమ్మ చూసి, "ఆ తోలుముక్కని మంటలో వెయ్యమాకరా, వీధంతా కంపు కొడతది. అవతల పారెయ్" అంది.

పారేయలేదు. ఎడమ చేతికి తొడిగి చూశాను. అట్టలా బిగుసుకుపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే తోలు అల్లిక రెండు చోట్ల తెగింది. అయినా లోపల నా వేళ్ళు వాటి గుంటల్లోకి తిన్నగా వెళ్ళి కూర్చున్నాయి.

1998లో మా హైస్కూల్లో పీఈటీ సారు బేస్‌బాల్ మొదలుపెట్టారు. క్రికెట్ జట్టులో చోటు దొరకని పిల్లల్ని పోగుచేసి నేర్పారు. బ్యాటర్ పరిగెత్తుతూ వరసగా తొక్కాల్సిన చోట్లని బేసులంటారు; నేను మూడోదాని దగ్గర, అంటే థర్డ్ బేస్ ఆడేవాణ్ణి. రెండేళ్ళు జిల్లా స్కూల్ గేమ్స్‌కి కూడా వెళ్ళాం. టెన్త్ తర్వాత డిప్లొమా, సర్వే పని, పెళ్ళి, పిల్లలు. ఇరవై ఐదేళ్ళుగా ఆ బంతి ముట్టలేదు. ఇప్పుడు నాకు 41. నెల్లూరు చుట్టుపక్కల లేఅవుట్లు కొలిచి హద్దురాళ్ళు పాతించడం నా పని.

ఈ నోట్‌బుక్ ఒక్క త్రో కోసం మొదలుపెడుతున్నాను. థర్డ్ బేస్‌లో బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కి వేసే త్రో. బ్యాటర్ పరిగెత్తి బేస్ తొక్కేలోపు బంతి అక్కడికి చేరాలి. పద్నాలుగేళ్ళప్పుడు ఆ త్రో నా దగ్గర ఉండేది. అది మళ్ళీ కావాలి.

జనవరి 19

ట్రంకు రోడ్డులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి గ్లవ్ పట్టుకెళ్ళాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వికెట్‌కీపర్ చెయ్యా నాయనా?" అని అడిగాడు. అమెరికా వాళ్ళ ఆట అని చెప్పాను. ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు. ఆయన దృష్టంతా అల్లిక మీదే ఉంది. తాడు ఏ రంధ్రంలో దూరి ఏ రంధ్రంలో తేలుతుందో వేలితో తడుముతూ రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత మెత్తటి తోలుని పావు అంగుళం వెడల్పున పొడుగ్గా కోశాడు. సన్నటి ఇనుప తీగని మధ్యకి మడిచి, ఆ మడతలో తోలు కొస ఇరికించి, దాన్నే సూదిలా వాడాడు. ఒక్కో రంధ్రంలో దూర్చినప్పుడల్లా తాడుని పళ్ళతో బిగబట్టి లాగాడు. గంట పట్టింది. 150 రూపాయలు తీసుకున్నాడు.

"ఆముదం రాయి, మెత్తబడతది. మా నాయన కిర్రు చెప్పులకి అదే రాసేవాడు" అన్నాడు. ఇంటికొచ్చి గిన్నెడు రాశాను, అది ఎక్కువైంది. గ్లవ్ నల్లబడి, తడిసిన గోనెలా బరువెక్కింది. నాలుగు రోజులు నీడన వేలాడదీస్తే గానీ తేరుకోలేదు. గ్లవ్‌కి నూనె గుడ్డతో అద్ది రుద్దాలి, అంతకుమించి అక్కర్లేదు. తర్వాత గుంటలో బంతి పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి, రాత్రంతా అలా ఉంచాను. మూడు రాత్రులకి గుంట మళ్ళీ బంతి ఆకారానికి వచ్చింది.

జనవరి 26

సెలవు. అక్క కొడుకుని తీసుకుని కోవూరు వైపు హైస్కూల్ గ్రౌండుకి వెళ్ళాను. వాడు క్రికెట్ ఆడతాడు. బేస్‌బాల్ చేతికిస్తే, "మామా, ఇది పెద్దగా ఉంది గానీ తేలిగ్గా ఉందే" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, బేస్‌బాల్ 142 నుంచి 149. చుట్టుకొలతలో మాత్రం బేస్‌బాలే కొంచెం ఎక్కువ. క్రికెట్ బంతికి కుట్టు నడుము చుట్టూ పట్టీలా ఉంటుంది. దీనికి ఎనిమిది అంకె ఆకారంలో కోసిన రెండు తోలుముక్కల్ని కలిపి, ఎర్ర దారంతో 108 జంట కుట్లు వేస్తారు. ఆ కుట్టు బంతి అంతటా వంకరలు తిరుగుతూ పోతుంది.

ఆ వంకర ఒకచోట గుర్రపునాడాలా కనపడుతుంది. చూపుడువేలు, మధ్యవేలు ఆ నాడాకి అడ్డంగా, కొసలు కుట్టు మీద ఆనేలా పెట్టాలి. బొటనవేలు కింద. అలా పట్టి వేస్తే బంతి వెనక్కి తిరుగుతూ తిన్నగా పోతుంది. చూడకుండానే, గ్లవ్‌లోంచి తీస్తూనే వేళ్ళకి ఆ కుట్టు దొరకాలి. సారు మాతో ఇది కళ్ళు మూయించి చేయించేవారు. ఇవాళ కళ్ళు మూసుకుని ఇరవైసార్లు తీశాను. పదకొండుసార్లు దొరికింది.

నలభై అడుగుల దూరంలో నిలబడి ఒకళ్ళకొకళ్ళం వేసుకున్నాం. ముప్పయ్యో త్రోకి బంతి సరిగ్గా గుంటలో పడి ఠప్‌మని మోగింది. ఆ చప్పుడు నేను మరిచిపోలేదు. ఇంటికొచ్చాక కూడా చెవిలో అదే ఉంది.

ఫిబ్రవరి 9

స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీకి అయిదుగురు పాత వాళ్ళు వచ్చారు. మిగతా వాళ్ళు వాళ్ళ తమ్ముళ్ళు, స్నేహితులు. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే ఒకతను, ఇందుకూరుపేటలో రొయ్యల చెరువులు చూసుకునే ఇద్దరు అన్నదమ్ములు, ఒక మెడికల్ రెప్, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు. మొత్తం పదమూడు మంది. కావలి, గూడూరు, కందుకూరుల్లో కూడా స్కూల్లో ఈ ఆట ఆడినవాళ్ళు ఉన్నారని ఒకళ్ళ ద్వారా ఒకళ్ళకి తెలిసింది. ఆగస్టు నుంచి నాలుగు ఊళ్ళ జట్లతో ఆదివారం ఆదివారం లీగ్ ఆడదామని మాట అయింది.

హెడ్‌మాస్టర్ గారు గ్రౌండు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. మట్టి తవ్వకూడదు, ఎనిమిదిన్నరకల్లా ఖాళీ చేయాలి అన్నారు. బ్యాటర్‌కి బంతి విసిరే పిచ్చర్ నిలబడే దిబ్బ పది అంగుళాల ఎత్తుండాలి. పిల్లలు తట్టుకుని పడతారని దాన్ని వద్దన్నారు. కాబట్టి మాకు చదును నేలే.

ఇవాళ గ్రౌండు కొలిచాను. నా పనే కాబట్టి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దీన్ని డైమండ్ అంటారు గానీ, నిజానికి అది 90 అడుగుల చతురస్రం. ఒక మూల బ్యాటర్ నిలబడే హోం ప్లేట్, మిగతా మూడు మూలల్లో మూడు బేసులు. హోం నుంచి సెకండ్ బేస్‌కి ఐమూలగా టేపు లాగాను: 127 అడుగుల 3 అంగుళాల 3 నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు). అక్కడొక మేకు. తర్వాత హోం నుంచి ఒక టేపు, సెకండ్ నుంచి ఒక టేపు 90 అడుగులకి బిగించి లాగితే రెండూ కలిసిన చోటు ఫస్ట్ బేస్. అవతలి పక్క అలాగే చేస్తే థర్డ్ బేస్. మూలమట్టం అవసరమే రాలేదు. పిచ్చర్ ప్లేటు హోం నుంచి 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుంచి ఆ దూరం మారలేదు.

థర్డ్ నుంచి ఫస్ట్‌కి కూడా ఐమూలే కదా, కాబట్టి అదీ 127 అడుగుల 3 అంగుళాల 3 నూలే. దాదాపు 38.8 మీటర్లు. ఆ గీత మీద అడుగులో అడుగేసుకుంటూ ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచాను. చిన్నప్పుడు ఇంత దూరమని తెలియదు.

ఫిబ్రవరి 16

మొదటి ప్రాక్టీసు. పొరపాటు నాదే.

హోం నుంచి సెకండ్ బేస్‌కి పోయే గీత తూర్పు ఈశాన్యంగా ఉంటే మంచిదని రూల్ పుస్తకంలో ఉంది. నేను దిక్సూచి పెట్టి అక్షరాలా అలాగే వేశాను. అయితే ఆ మాట మధ్యాహ్నం తర్వాత ఆడేవాళ్ళ కోసం చెప్పింది. సాయంత్రం ఎండ బ్యాటర్ వీపు మీద పడాలని దాని ఉద్దేశం. మేం ఆడేది పొద్దున ఆరున్నరకి. పిచ్చర్ చెయ్యి ఎత్తగానే సరిగ్గా దాని వెనకాలే సూర్యుడు! మెడికల్ రెప్‌కి బంతి కనపడలేదు, మోచేతికి తగిలింది. ఐస్ పెట్టి కూర్చోబెట్టాం. వాపు తప్ప ఇంకేం కాలేదు, నయం.

ప్లాటుకి దిక్కు చూడకుండా రాయి పాతినవాణ్ణి కాదు నేను. దిక్కు చూశాను గానీ ఆ దిక్కు ఎందుకో ఆలోచించలేదు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి మొత్తం పీకి, పడమర నైరుతికి తిప్పి వేశాను.

మార్చి 2

హోం ప్లేట్ తయారైంది. ఇది రాయకుండా ఉండలేను.

తెలిసినవాళ్ళ కంకర క్రషర్‌లో అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్క అడిగి తెచ్చుకున్నాను. లోపల గుడ్డ పొరలున్న రబ్బరు, అరంగుళం మందం. హోం ప్లేట్ అయిదు మూలల పలక: ముందు అంచు 17 అంగుళాలు, రెండు పక్కలా ఎనిమిదిన్నర, వెనక మొన తేలే రెండు అంచులూ పన్నెండేసి. బెల్టు మీద సుద్దతో గీస్తుంటే లెక్క కుదరలేదు. వెనక మొన దగ్గర లంబకోణం రావాలి. 12 వర్గం, 12 వర్గం కలిపితే 288. 17 వర్గం 289. ఒకటి తేడా! అంటే పుస్తకంలో ఇచ్చిన కొలతలతో కచ్చితమైన లంబకోణం రాదు. నూలు మందం కూడా లేని తేడా, ఏ ఆటగాడికీ అడ్డం రాదు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొనని మూలమట్టంతో లంబంగా పెట్టి, ఆ తేడాని వెనక అంచుల్లో సర్దాను.

రబ్బరు కోయడానికి హాక్సా బ్లేడు వాడాను. పొడిగా కోస్తే బ్లేడు పట్టేసి ఆగిపోతుంది. సబ్బునీళ్ళు పోస్తూ కోస్తే సులువుగా దిగింది. ఎమిరీ కాగితంతో పైభాగం గరుకు చేసి తెల్ల పెయింటు వేశాను. గరుకు చేయకుండా వేసిన మొదటి పూత వారంలో పొరలు పొరలుగా లేచిపోయింది.

బేసులు టైలర్ దగ్గర కుట్టించాను. టార్పాలిన్ గుడ్డ, లోపల కొబ్బరి పీచు, 15 అంగుళాల చదరం. అమెరికా పెద్ద లీగుల్లో 2023 నుంచి 18 అంగుళాలు చేశారు. మాకు గుడ్డ అంతే వచ్చింది.

బ్యాటర్ వెనక కట్టే వల మైపాడు నుంచి వచ్చింది. పాత చేపల వల, సరుగుడు కర్రలకి బిగించాం. వారం దాకా గ్రౌండంతా ఎండుచేపల వాసన.

మార్చి 16

క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళతో పడే పాట్లు వేరు. డిగ్రీ కుర్రాడు బంతిని గట్టిగా కొట్టి, బ్యాటు చేత్తో పట్టుకునే ఫస్ట్ బేస్ దాకా పరిగెత్తి, చివర్లో బ్యాటు ముందుకి చాచి నేలకి ఆనించాడు. ఇక్కడ కాలే తగలాలి. ఇంకొకతను కొట్టిన బంతి దగ్గర్లోనే పడిందని పరిగెత్తలేదు. "రన్ లేదు కదన్నా" అన్నాడు. హోం నుంచి ఫస్ట్, థర్డ్ బేసుల మీదుగా పోయే గీతల లోపల పడితే పరిగెత్తి తీరాలి, ఆ నిర్ణయం మన చేతుల్లో లేదు. ఇది వాళ్ళ ఒంటికి పట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది.

క్యాచ్ కూడా అంతే. క్రికెట్లో రెండు చేతులూ దోసిలి పట్టి వెనక్కి తీసుకుంటాం. గ్లవ్‌తో అలా కుదరదు. నడుముకి పైన వచ్చే బంతికి వేళ్ళు పైకి, కింద వచ్చే బంతికి వేళ్ళు కిందకి, రెండో చెయ్యి పక్కనే సిద్ధంగా. బంతి గుంటలో పడగానే ఆ చెయ్యి లోపలికి వెళ్ళి కుట్టు వెతకాలి.

హెల్మెట్ల దగ్గర మాత్రం గట్టిగా మాట్లాడాను. క్రికెట్ హెల్మెట్లతో సరిపెట్టుకుందామన్నారు. బేస్‌బాల్ హెల్మెట్‌కి చెవి మీద గట్టి కప్పు ఉంటుంది, ఎందుకంటే బంతి నేల తాకి ఎగిరి రాదు, తిన్నగా తల ఎత్తునే వస్తుంది. అందరం చందాలు వేసుకుని మీరట్ నుంచి రెండు హెల్మెట్లు, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కి ఒక మాస్కు, ఛాతీకి ఒక కవచం తెప్పించాం.

మార్చి 30

ఉగాది. ప్రాక్టీసు లేదు.

ఏప్రిల్ 20

నా త్రో లెక్కలు. 60 అడుగులు: ఇబ్బంది లేదు. 90: పదింటికి ఏడు నేరుగా ఛాతీకి పోతున్నాయి. ఇవాళ తొందరపడి 127 ప్రయత్నించాను. రెండుసార్లు నేల తాకి, ఫస్ట్ బేస్‌మన్‌కి రెండు గజాలు ఎడంగా పోయింది. అయినా ఆపలేదు. యాభై దాకా వేశాను.

ఏప్రిల్ 23

రాత్రి కుడివైపు పడుకోలేకపోతున్నాను. చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి ఎత్తితే భుజం లోపల సూదులు గుచ్చినట్టుంది. పనిలో ట్రైపాడ్ ఎడమ భుజానికి మార్చాను.

మే 4

ఫిజియో దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి వయసుకి కొంచెం పెద్దది, కానీ చాలా శ్రద్ధగా చూసింది. చెయ్యి వెనక్కి తిప్పించి, పైకి నెట్టించి, "అంకుల్, చిరగలేదు. భుజం కీలుని పట్టి ఉంచే చిన్న కండరాలు అలిసిపోయి వాచాయి. ఇరవై ఐదేళ్ళు వాడని చేతితో ఒక్కరోజు యాభై వేస్తారా?" అంది.

ఆరు వారాలు త్రో బంద్. తలుపు గొళ్ళానికి రబ్బరు బ్యాండు కట్టి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పాలి. రోజూ మూడు విడతలు, విడతకి పదిహేను. తర్వాత 45 అడుగుల నుంచి మొదలు. కాసేపు వార్మప్, 25 త్రోలు, పది నిమిషాలు ఆగడం, మళ్ళీ 25. రోజు విడిచి రోజు. నొప్పి లేకపోతేనే 60కి, తర్వాత 90కి, తర్వాత 120కి. గాయపడి కోలుకునే ఆటగాళ్ళందరూ ఇదే వరసలో పోతారట. నేను మెట్లన్నీ వదిలేసి మేడ మీదికి దూకాను.

మే 25

రోహిణి కార్తె. పొద్దున ఆరింటికే గ్రౌండు పెనంలా ఉంది. నేను ఆడటం లేదు, పక్కన కూర్చుని చూస్తున్నాను. పిల్లలు కొందరు వచ్చి చుట్టూ చేరారు. "అన్నా, ఇది ఆడి ఎవరైనా గొప్పోళ్ళయ్యారా మనోళ్ళు?" అని ఒకడు అడిగాడు. రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, వేరే అతను), దినేష్ పటేల్ గురించి చెప్పాను. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, జావెలిన్ వేసేవాళ్ళు. అంతకుముందు బేస్‌బాల్ చూసి ఎరగరు. 2008లో జరిగిన ఒక పోటీలో వాళ్ళ చేతి వేగం చూసి అమెరికా తీసుకెళ్ళారు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే బేస్‌బాల్ జట్టు వాళ్ళతో ఒప్పందం కుదుర్చుకుంది. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్, బేస్‌బాల్ రెండూ ఉన్నాయని, ఆ నిర్ణయం 2023లో మన ముంబైలోనే జరిగిందని చెబితే నోళ్ళు తెరిచి విన్నారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు ప్రతి ఆదివారం బంతులు ఏరడానికి వస్తున్నాడు. వాడి చెయ్యి బాగుంది.

జూలై 6

రొట్టెల పండుగ మొదలైంది. నెల్లూరంతా జనం, ప్రాక్టీసు పెట్టుకోలేదు. మా ఇంటావిడ బారాషహీద్ దర్గాకి వెళ్దామంది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె అని పిలుస్తున్నారు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. కడప నుంచి వచ్చిన ఒక ముసలామె ఆరోగ్య రొట్టె ఇస్తుంటే, నాకంటే ముందు మా ఇంటావిడ చెయ్యి చాపి తీసుకుంది. సగం తుంచి నాకు పెట్టింది. "భుజానికి" అంది. నేను ఈ ఆట గురించి ఇంట్లో మాట్లాడేదంతా ఆవిడ వింటూనే ఉందన్నమాట. తీరితే వచ్చే ఏడు మేం ఇక్కడికి రొట్టెలు తేవాలి.

జూలై 20

120 అడుగుల మెట్టులో ఉన్నాను. నొప్పి లేదు. కానీ బంతిలో ఊపు లేదు. 90 దాటగానే వాలిపోతోంది.

ఇవాళ మా పీఈటీ సారు వచ్చారు. రిటైరై బుచ్చిరెడ్డిపాలెంలో ఉంటున్నారు. బస్సు దిగి, గొడుగు పట్టుకుని, గ్రౌండు చుట్టూ ఒకసారి నడిచారు. హోం ప్లేట్‌ని చెప్పుతో తట్టి చూసి, "బెల్టా?" అన్నారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పావుగంట ఏమీ మాట్లాడలేదు. నేను థర్డ్ నుంచి పది త్రోలు వేశాను.

"ఏందబ్బయా, ఆ ఎడమ కాలు ఏడ చూస్తుండాది?"

కిందకి చూసుకున్నాను. ఎడమ పాదం వేళ్ళు సెకండ్ బేస్ వైపు తిరిగి ఉన్నాయి. బంతి పోవాల్సింది ఫస్ట్‌కి. నడుము సగంలో ఆగిపోతోంది, మిగతా దూరమంతా భుజం ఒక్కటే ఈడుస్తోంది.

"భుజాన్ని తిట్టమాక. అడుగు ఏడ పడితే నడుము ఆడికి పోతాది, నడుము ఏడికి పోతే చెయ్యి ఆడికి పోతాది. కాకి గెంతు మర్చిపోయినావా?"

ఇంగ్లీషులో దాన్ని క్రో హాప్ అంటారు. సారు మాకు 'కాకి గెంతు' అనే నేర్పారు. బంతి చేతికి రాగానే కుడికాలితో ముందుకి ఒక చిన్న గెంతు, ఆ కాలు అడ్డంగా నేలకి తగలాలి, వెంటనే ఎడమ కాలు లక్ష్యం వైపు చాచాలి. గోడ మీద కాకి పక్కకి గెంతడం చూస్తే అర్థమవుతుంది. పరిగెత్తదు, ఎగరదు, ఒంటి బరువంతా ఒక్కసారి జరుపుతుంది.

బంతి లేకుండా నలభైసార్లు గెంతాను. ఎడమ పాదం పడాల్సిన చోట సున్నంతో గీత గీశాను. తర్వాత బంతితో ఆరు. ఆరోది ఫస్ట్ బేస్‌కి పది అడుగుల ముందు ఒక్కసారి నేల తాకి, తిన్నగా గ్లవ్‌లోకి పోయింది.

ఆగస్టు 10

లీగ్ మొదలైంది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడితే ఎనిమిదిన్నరకి గ్రౌండు ఖాళీ చేయలేం. అందుకని ఏడుకి తగ్గించాం. గూడూరు వాళ్ళు 11-4తో గెలిచారు. వాళ్ళ పిచ్చర్ నిమ్మకాయల మార్కెట్లో పని చేస్తాడు. బంతి మధ్యలో ఎక్కడ వంగుతుందో తెలియదు.

సారు స్కోరు రాస్తున్నారు. చోట్లకి అంకెలుంటాయి: పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక దూరంగా ఉండే ముగ్గురికి లెఫ్ట్ ఫీల్డ్ నుంచి వరసగా 7, 8, 9. షార్ట్‌స్టాప్ ఆపి ఫస్ట్‌కి వేసి అవుట్ చేస్తే 6-3. బేస్‌బాల్‌కి స్కోరు పట్టికలు తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టినవాడు, అమెరికాలో ముందు క్రికెట్ వార్తలే రాసేవాడని సారు చెప్పారు.

ఇవాళ నా వైపు మూడు బంతులు వచ్చాయి. ఒకటి కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఒకటి ఆపాను గానీ త్రో ఆలస్యమైంది. ఒకటి ఫస్ట్ బేస్‌మన్ తల మీద నుంచి పోయింది. పుస్తకంలో నా పేరు ముందు రెండు తప్పులు.

ఆగస్టు 24

కావలిలో ఆడాం. వాళ్ళ బ్యాటర్లు హోం నుంచి ఫస్ట్‌కి ఎంతసేపట్లో వస్తున్నారో ఫోన్‌లో కొలిచాను. తొంభై అడుగులకి చాలామందికి అయిదు సెకన్ల దగ్గర, ఇద్దరికి నాలుగున్నర. బంతి నా దగ్గరికి రావడానికి ఒకటిన్నర, అందుకుని కాకి గెంతు వేయడానికి ఒకటిన్నర. మిగిలిన రెండు సెకన్లలోపు 127 అడుగులు పోవాలి. ఇప్పుడు లెక్క తెలిసింది కాబట్టి టెన్షన్ తగ్గింది. బంతి వస్తుంటే చెయ్యి తడబడటం లేదు.

సెప్టెంబర్ 14

కందుకూరు జట్టుతో, మా గ్రౌండులో. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. బేసుల దగ్గర పెన్నా ఇసుక చల్లాం.

అయిదో ఇన్నింగ్స్, ఒకళ్ళు అవుట్, బేసుల మీద ఎవరూ లేరు. వాళ్ళ నాలుగో బ్యాటర్ గట్టి మనిషి, వేగంగా పరిగెత్తుతాడు. రెండో బంతినే నేలబారుగా నా ఎడమ పక్కకి కొట్టాడు. బంతి ఇసుకలో పడి కొంచెం నెమ్మదించింది. రెండు అడుగులు వేసి గ్లవ్ నేలకి ఆనించాను, వేళ్ళు కిందకి. గుంటలో పడింది. కుడి చెయ్యి లోపలికి పోయింది. మొదటి పట్టుకే కుట్టు దొరికింది. చూపుడువేలి కొస కింద ఎర్ర దారం గరుగ్గా తగిలింది. గెంతు, ఎడమ కాలు, తర్వాత వదిలేశాను.

నేల తాకకుండా పోలేదు. ఫస్ట్ బేస్‌కి రెండు అడుగుల ముందు ఒక్కసారి తాకింది. అక్కడ ఉన్నది ఇందుకూరుపేట తమ్ముడు. ఒక కాలు బేస్ మీదే ఉంచి, ఒంటిని సాగదీసి, బంతి లేస్తుండగానే గ్లవ్‌తో కింద నుంచి తీశాడు. ఆ ఠప్ నాకు థర్డ్ బేస్ దగ్గరికి వినపడింది. బ్యాటర్ కాలు తర్వాత పడింది. అంపైర్‌గా నిలబడ్డ పోర్టు అన్న పిడికిలి ఎత్తాడు.

సారు వైపు చూశాను. తల ఎత్తలేదు. పెన్ను కొసతో నాకు చూపిస్తూ పుస్తకంలో రాశారు: 5-3.

మ్యాచ్ 7-6తో ఓడిపోయాం. ఎనిమిదీ ఇరవైకి బేసులు పీకి, హోం ప్లేట్ తుడిచి ఆటోలో వేశాం. తొమ్మిది బంతులకి ఏడు దొరికాయి. రెండు లెఫ్ట్ ఫీల్డ్ అవతల వరిమడిలో ఎక్కడో ఉన్నాయి. బంతులు ఏరే కుర్రాడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగబోతుంటే, నాట్లు వేసిన మడి అని ఆపాను. వాడికి గ్లవ్ లేదు. నా గ్లవ్ తొడిగి 45 అడుగుల దూరంలో నిలబెట్టి, ఆటో కదిలేదాకా పాతిక త్రోలు వేశాను.